కాబీన్ పెట్టుకోబోతున్న హారికకు

క్రాయ్‌డన్, లండన్
ఫిబ్రవరి 20

చిరంజీవి హారికకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు ఫొటోలూ చూశాను. మొదటిదాంట్లో కొత్త కాబీన్ టోపీ పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డావు. మీ పెద్దమ్మ కళ్లజోడు సవరించుకుని చూసి, "ఊతప్పం నెత్తిన వేసుకుందేంటి పిల్ల" అంది. కోప్పడకు. 1978లో నేను మొదటిసారి పెట్టుకున్నప్పుడు కూడా ఇదే మాట అంది. కొత్త కాబీన్ ఎవరి నెత్తి మీదైనా ఊతప్పమే. దాన్ని దారికి తెచ్చుకోవాలి, ఆ సంగతి కింద రాస్తాను.

రెండో ఫొటో చూసి మాత్రం కాసేపు ఆగిపోయాను. అదొక టోపీ బ్యాడ్జీ, మంట ఎగదన్నుతున్న గ్రెనేడ్, దాని గుండు మీద పులి, ఆ కింద ఏనుగు. ఆన్‌లైన్‌లో అమ్మకానికి చూశానన్నావు. "ఏనుగు ఉంది పెదనాన్నా, మనదే అనిపించింది, మార్చి 17న మా బ్యాండ్ సెయింట్ పాట్రిక్ డే పెరేడ్‌కి మా హార్ప్ (తీగల వాయిద్యం) బ్యాడ్జీ బదులు ఇది పెట్టుకోవచ్చా?" అని అడిగావు. ఫోన్లో అయితే వద్దు అని ఒక్క ముక్కలో చెప్పేవాణ్ణి. ఎందుకు వద్దో చెప్పకపోతే నువ్వు వదలవు, చిన్నప్పటి నుంచీ అంతే. అందుకే ఉత్తరం. మోకాలు బాగోక మార్చింగ్ మానేశాను గానీ చెయ్యి ఇంకా రాస్తోంది.

ముందు టోపీ సంగతి చూద్దాం. కాబీన్ అన్నది ఐరిష్ మాట. చిన్న కేప్ అనే అర్థం నుంచి పుట్టి, పల్లెటూరి రైతులు పెట్టుకునే పాత టోపీకి పేరైపోయింది. అంటే మన తలగుడ్డ లాంటిదన్నమాట. 1642 ప్రాంతంలో ఓవెన్ రో ఓనీల్ అనే ఐరిష్ సేనాని పెట్టుకున్న ఈక టోపీయే దీనికి మూలం అని బ్యారక్స్‌లో కథగా చెబుతారు. కథను కథగానే విను. ఆధునిక కాలంలో మొదట దీన్ని పెట్టుకున్నది బ్రిటిష్ సైన్యంలోని ఐరిష్ రెజిమెంట్ల పైపర్లు, అంటే బ్యాగ్‌పైప్ వాయించేవాళ్లు. 1937 నాటికి లండన్ ఐరిష్ రైఫిల్స్ అనే రెజిమెంట్‌లో పైపర్లే కాక అన్ని ర్యాంకుల వాళ్లూ పెట్టుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో పోరాడిన 38వ ఐరిష్ బ్రిగేడ్‌లో మిగతా బెటాలియన్లకూ అలవాటైంది. రోమ్ విముక్తి అయ్యాక 1944 జూన్‌లో ఆ బ్రిగేడ్ వాళ్లను పోప్ వాటికన్‌లో కలిశాడు. అక్కడ వీళ్ల పైపులూ డ్రమ్ములూ మోగాయి. నువ్వు డ్రమ్మర్‌వి కాబట్టి ఇది చెప్పాలనిపించింది.

కాబీన్‌ను దారికి తెచ్చే పద్ధతి ఇది. ట్యాప్‌లో వచ్చే వేడినీళ్లు బకెట్‌లో పట్టి ఊలు భాగాన్ని పూర్తిగా తడిపెయ్యి. లోపలి తోలు పట్టీని వీలైనంత వరకూ తడవనివ్వకు. తరవాత రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కి నీళ్లు తీసెయ్యి. బట్టలు పిండినట్టు మెలితిప్పావంటే ఇక అంతే సంగతులు. తడిగానే నెత్తిన పెట్టుకుని, పట్టీ నుదుటి మీద అడ్డంగా, కనుబొమలకి ఒక అంగుళం పైన ఉండేలా సర్దుకో. బొట్టుకీ పట్టీకీ మధ్య కాస్త చోటు మిగలాలి. పట్టీ సూటిగా ఉండాలి, వెనక్కి వాలిందంటే పాలబుడ్డి మూతలా కనిపిస్తుంది. అలా ఓ గంట ఇంట్లో తిరుగు. ఆ తరవాత మీ అమ్మ దగ్గర నీ తలంత గిన్నె ఏదైనా ఉంటే బోర్లించి, దాని మీద ఆరబెట్టు. రేడియేటర్ మీద మాత్రం పెట్టకు. నేను పెట్టాను. తెల్లారేసరికి అది మీ అన్నయ్య తలకి సరిపోయేంత అయింది, అప్పుడు వాడికి నాలుగేళ్లు.

ఆరాక వెనక వేలాడే సన్నటి నాడా చూసుకో. అది అలంకారం కాదు, బిగించుకోవడానికి ఉన్నది. నీ తలకి సరిపడా లాగి, ముడేసి, కొసలు లోపలికి దోపెయ్యి. బయటికి వేలాడితే మీ పైపర్లకి పెద్ద అయిన పైప్ మేజర్ కళ్లు అక్కడే పడతాయి. జుట్టు మెడ మీదకి దించి ముడి వేసుకో. నడినెత్తిన కొప్పు వేస్తే కాబీన్ గుడారంలా లేస్తుంది. ఇంకో మాట, పెరేడ్ రోజు తలకి కొబ్బరినూనె రాయకు. తోలు పట్టీ నూనె తాగితే ఆ మరక ఎన్నాళ్లున్నా పోదు. నా పాత కాబీన్ పట్టీ మీద ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు అసలు విషయం, ఏ పక్క అన్నది. నీ ఫొటోలో బ్యాడ్జీ ఎడమ కంటి మీద ఉంది. అది నీ తప్పు కాదు, ప్రపంచంలో చాలా సైన్యాల బెరేలు అలాగే ఉంటాయి, బ్యాడ్జీ ఎడమ కంటి పైన, గుడ్డ కుడి చెవి మీదకి. బందరు కాలేజీలో ఎన్.సి.సి.లో నాకు నేర్పింది కూడా అదే. ఆ అలవాటుతోనే, లండన్ ఐరిష్ కంపెనీలో వారాంతపు సైనికుడిగా చేరాక, నా మొదటి పెరేడ్‌కి కాబీన్‌ను కుడివైపుకి లాగేసుకుని వెళ్లి వరసలో నిలబడ్డాను. చెల్సీలో డ్యూక్ ఆఫ్ యార్క్స్ హెడ్‌క్వార్టర్స్ అని ఉండేది, ఇప్పుడు అక్కడ సాచీ గ్యాలరీ ఉంది. ఆ మైదానంలో మా సార్జెంట్ నా ముందు నుంచి నడుచుకుంటూ వెళ్లి, ఆగి, మళ్లీ వెనక్కి వచ్చాడు. ఏమీ అనలేదు. తన కాబీన్ వైపు వేలు చూపించాడు, నా కాబీన్ వైపు చూపించాడు. వరసంతా చూస్తోంది. నేను అద్దంలో నన్ను నేను చూసుకున్నట్టు అయిపోయింది.

లండన్ ఐరిష్ పద్ధతిలో బ్యాడ్జీ కుడి కంటి మీద ఉంటుంది, గుడ్డ ఎడమ చెవి వైపు వాలుతుంది. మిగతా ఐరిష్ రెజిమెంట్ల పైపర్లు ఆ రోజుల్లో ఎడమ కంటి మీదే పెట్టుకునేవారు. వాళ్ల టోపీకి వెనక రిబ్బన్లు వేలాడేవి. లండన్ ఐరిష్ కాబీన్‌కి అవి లేవు, పైగా గుడ్డ కాస్త పెద్దది. మీ బ్యాండ్ లండన్ ఐరిష్ పద్ధతే పాటిస్తుందని చెప్పావు కాబట్టి నీకు కుడి కన్నే. రేపు వేరే బ్యాండ్‌లోకి వెళ్తే మళ్లీ అక్కడి వాళ్లని అడుగు. ఇంటర్నెట్‌లో ఫొటో చూసి నేర్చుకోకు. సగం ఫొటోలు కుడి ఎడమలు తారుమారై ఉంటాయి, సెల్ఫీల సంగతి చెప్పనే అక్కర్లేదు. నాకు పంపిన ఫొటో కూడా అద్దంలో తీసిందే కదా, బహుశా నువ్వు సరిగ్గానే పెట్టుకున్నావేమో! ఈసారి ఎవరితోనైనా తీయించి పంపు.

ఇక హ్యాకిల్. బ్యాడ్జీ వెనక నిటారుగా నిలబడే ఈకల గుత్తి. మన భాషలో దీనికి చక్కటి మాట ఉంది, తురాయి. రాజుల తలపాగాల మీద తురాయి ఎలా ఉండేదో ఇదీ అంతే, ఎక్కడి మనిషో దూరం నుంచే చెప్పేస్తుంది. ఇటలీలో ఐరిష్ బ్రిగేడ్‌లో మూడు బెటాలియన్లు ఉండేవి. ఇన్నిస్కిల్లింగ్ ఫ్యుజిలియర్లది బూడిద రంగు, రాయల్ ఐరిష్ ఫ్యుజిలియర్లది ఆకుపచ్చ, లండన్ ఐరిష్‌ది సెయింట్ పాట్రిక్ నీలం. ఇప్పుడున్న రాయల్ ఐరిష్ రెజిమెంట్ ఆకుపచ్చది పెట్టుకుంటుంది. 1992లో పుట్టిన రెజిమెంటే అయినా ఆ రంగు మాత్రం పాత ఫ్యుజిలియర్ల నుంచి వచ్చిన ఆస్తి. ఐరిష్ గార్డ్స్ వాళ్ల ఎలుగుబంటి తోలు టోపీకి కుడి పక్కన కనిపించేది కూడా నీలమే. ఐర్లండ్ అంటే ఆకుపచ్చే కదా, నీలం ఎక్కడిదని నీకు అనుమానం వస్తుంది. 1783లో పెట్టిన ఆర్డర్ ఆఫ్ సెయింట్ పాట్రిక్ అనే బిరుదుకి ఆ నీలం రంగు రిబ్బన్ ఉండేది. ఐరిష్ గార్డ్స్ బ్యాడ్జీ నక్షత్రం మీద ఆ సంవత్సరాన్ని ఇప్పటికీ రోమన్ అంకెల్లో చూడొచ్చు.

నువ్వు నీలం పెట్టుకుంటున్నావు. "మా ఫ్రెండ్ దగ్గర ఆకుపచ్చది ఉంది, చీరకి మ్యాచింగ్" లాంటి ఆలోచనలు వద్దు. మీ పెద్దమ్మ నిజంగానే అడిగింది ఒకసారి.

హ్యాకిల్‌కి పెద్ద శత్రువు వాన. ఈ దేశంలో అది తప్పదు. ఒక నవంబర్‌లో, యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకునే రిమెంబ్రెన్స్ సండే రోజు నా నీలం హ్యాకిల్ తడిసి, రంగు దిగి, చెవి మీదుగా కాలర్ మీదకి కారింది. ఇంటికి వచ్చేసరికి నీలకంఠుడిని. అప్పటి నుంచీ కొత్త హ్యాకిల్ కొనగానే తెల్ల కాగితం మీద ఒక్క ఈక తడిపి చూస్తాను. రంగు దిగేదైతే వాన రోజు పాతదే వాడతాను. తడిసిన దాన్ని తుడవకు. వేళ్లతో నీళ్లు విదిల్చి, తలకిందులుగా వేలాడదీసి ఆరనివ్వు. ఈకలు అతుక్కుపోతే కెటిల్ ఆవిరికి ఒక అడుగు దూరంలో తిప్పుతూ పట్టుకుంటే మళ్లీ విచ్చుకుంటాయి. ప్రయాణంలో గొట్టంలో పెట్టుకో, టూత్‌బ్రష్ డబ్బా అయినా సరే. హ్యాకిల్ గుచ్చిన కాబీన్‌ను మడిచి జేబులో కుక్కడమంటే పిల్లి నోటికి పిచ్చుకని ఇచ్చినట్టే. ఇంట్లో దాచేటప్పుడు పురుగు పట్టకుండా కలరా ఉండలు వేయొచ్చు గానీ ఆ వాసనతో పక్కవాడు డ్రమ్ వాయించలేడు. నేను బందరు నుంచి తెచ్చిన ఎండు వేపాకు పలచటి గుడ్డలో కట్టి పెడతాను. ముప్ఫై ఏళ్లయింది, ఒక్క చిల్లు పడలేదు.

బ్యాడ్జీకి వద్దాం. మీ బ్యాడ్జీ హార్ప్, దాని పైన కిరీటం. వెనక ఎలా బిగుస్తుందో ముందు చూసుకో. కొన్నిటికి నిలువుగా ఒక రేకు ఉంటుంది, దాన్ని టోపీలో చీలికలోకి జారుస్తారు. కొన్నిటికి రెండు కొక్కేలు ఉంటాయి, వాటిల్లోంచి పిన్ను దూరుస్తారు. రేకు వదులుగా ఉంటే లోపల చిన్న తోలుముక్క పెట్టు. డ్రమ్ కొట్టేటప్పుడు తల ఊగుతుంది, బ్యాడ్జీ పక్కకి తిరిగితే హార్ప్ వాలిపోయి పడుకున్నట్టు కనిపిస్తుంది. మెరుగు పెట్టే ముందు అది ఏ లోహమో తెలుసుకో. ఇత్తడి అయితే బ్రాసో అనే పాలిష్ వాడొచ్చు. వెండిపూత అయితే బ్రాసోతో నాలుగుసార్లు రుద్దేసరికి పూత పోయి అడుగున ఉన్న లోహం బయటపడుతుంది. 1950ల తరవాత వచ్చిన మెరిసే అల్యూమినియం బ్యాడ్జీలని అసలు రుద్దకూడదు, మెత్తటి గుడ్డతో తుడవడమే. నల్లగా ఉన్న బ్యాడ్జీ దొరికితే మురికి అనుకుని తోమకు. రైఫిల్ రెజిమెంట్లలో నలుపే అందం. పొద్దున ఎండ పడి మెరిస్తే శత్రువు గురి చూస్తాడని రైఫిల్‌మెన్ అంతా మసక రంగులు వాడేవారు.

వయసు చెప్పేది కిరీటం. వంపులు గుండ్రంగా గుమ్మటంలా పైకి లేస్తే 1902 నుంచి 1952 దాకా ఉన్న రాజుల కాలం. మధ్యలో పల్లం పడి రెండు వైపులా ఎత్తుగా ఉంటే ఎలిజబెత్ రాణి కాలం. ఇప్పుడు చార్లెస్ వచ్చాక మళ్లీ గుమ్మటం కిరీటమే వస్తోంది. అందుకని గుండ్రటి కిరీటం చూడగానే పాతది అని ఎగబడకు.

నకిలీల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నీ ఏనుగు బ్యాడ్జీ నాకు ఎందుకో అనుమానంగానే ఉంది. అసలువి అచ్చులో కొట్టినవి. ముందువైపు ఎత్తుగా ఉన్నది వెనక గుంటగా కనిపిస్తుంది, అంచులు పదునుగా ఉంటాయి. నకిలీలు చాలావరకు పోత పోసినవి. వెనక చదునుగా, ఇసుక చల్లినట్టు చిన్న చిన్న గుంటలతో ఉంటాయి. హార్ప్ తీగల మధ్య ఖాళీ ఉండాల్సిన చోట లోహం నిండిపోయి ఉంటుంది. వాళ్లు పంపిన ఫొటోల్లో వెనక భాగం లేదు, అది చాలు నాకు. ఓ ఆదివారం సంతలో నేనూ ఇలాగే ఒక "1914 నాటి" బ్యాడ్జీ కొని నెల రోజులు మురిసిపోయాను. తరవాత అదే దుకాణంలో అచ్చం అలాంటివి ఇరవై ఒక పళ్లెంలో పోసి ఉండటం చూశాను.

సరే, అది అసలుదే అనుకుందాం. అప్పుడు మాత్రం ఎందుకు వద్దు?

ఆ బ్యాడ్జీ రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్లది. ఆ రెజిమెంట్ 1881లో ఏర్పడింది, 1922లో రద్దైంది. పేరు డబ్లిన్‌దే గానీ వేర్లు మాత్రం మన దగ్గరివి. దాని మొదటి బెటాలియన్ అంతకు ముందు ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు యూరోపియన్ రెజిమెంట్, రెండోది బొంబాయిది. పులి ప్లాసీ, బక్సర్‌ల గుర్తు. నువ్వు మనది అనుకున్న ఏనుగు కర్ణాటక, మైసూరు యుద్ధాల గుర్తు. అంటే మనవాళ్ల మీద గెలిచినందుకు వాళ్ల టోపీకి ఎక్కిన ఏనుగు అది. మన ఏనుగే, కాదనను.

ఇంకోటి విను. ఆ మద్రాసు ఫ్యుజిలియర్లకి 1857లో ఒక టోపీ పేరే వచ్చింది, నీల్స్ బ్లూ క్యాప్స్ అని. టోపీల మీద నీలం గుడ్డ తొడుగులు వేసుకునేవారు. నీల్ అంటే జేమ్స్ నీల్, వాళ్ల కమాండర్. అలహాబాద్‌లోనూ కాన్పూర్‌లోనూ అతను చేయించిన ఉరితీతలు చరిత్రలో ఉన్నాయి. మద్రాసులో మౌంట్ రోడ్డు మీద అతని విగ్రహం పెడితే, దాన్ని తీసేయమని 1927లో సత్యాగ్రహం జరిగింది, జనం జైలుకి వెళ్లారు. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాకే దాన్ని అక్కడి నుంచి తీసి మ్యూజియంలో పెట్టారు. మన ప్రాంతం అప్పుడు ఆ మద్రాసు రాష్ట్రంలోదే కదా. ఆ బ్లూ క్యాప్స్ అన్న ముద్దుపేరు డబ్లిన్ ఫ్యుజిలియర్ల మొదటి బెటాలియన్‌కి చివరి దాకా ఉంది.

అయితే ఆ రెజిమెంట్‌ను అంతటితో చెడ్డదని పక్కన పడేయడానికీ నాకు మనసొప్పదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 25న టర్కీలోని గల్లిపోలిలో వి బీచ్‌లో రివర్ క్లైడ్ అనే ఓడ నుంచీ పడవల నుంచీ దిగుతూ ఈ డబ్లిన్‌వాళ్లూ మన్స్టర్ ఫ్యుజిలియర్లూ నీళ్లలోనే కుప్పలుగా చచ్చిపోయారు. మిగిలిన వాళ్లని కొన్నాళ్లు ఒకే బెటాలియన్‌గా కలిపేస్తే డబ్‌స్టర్స్ అని పేరు వచ్చింది. వాళ్లు 1857 వాళ్లు కారు. పని లేక సైన్యంలో చేరిన డబ్లిన్ కుర్రాళ్లు ఎంతో మంది. అదే బ్యాడ్జీ కింద ఇద్దరూ ఉన్నారు, ఏం చేద్దాం.

ఆ మన్స్టర్ల సంగతి నాకు ఇంకా దగ్గరది. వాళ్లు కంపెనీ కాలపు బెంగాల్ యూరోపియన్ల వారసులు, వాళ్ల బ్యాడ్జీ గ్రెనేడ్ మీద కూడా పులే. ఒకసారి వాళ్ల యుద్ధ గౌరవాల జాబితా చదువుతున్నాను. ప్లాసీ, ఆ తరవాత కాండోర్, ఆ తరవాత మసులీపటం. మళ్లీ చదివాను. కాండోర్ అంటే పిఠాపురం దగ్గర చందుర్తి, 1758 డిసెంబర్‌లో కంపెనీ సేనాని ఫోర్డ్ దొర విజయనగరం ఆనంద గజపతితో కలిసి ఫ్రెంచివాళ్లని ఓడించిన చోటు. మసులీపటం మన బందరు. 1759 ఏప్రిల్‌లో రాత్రిపూట ఎక్కి పట్టుకున్న మన బందరు కోట. చిన్నప్పుడు మీ నాన్నా నేనూ సైకిల్ మీద వెళ్లి ఆ కోట శిథిలాల దగ్గర రేగుపళ్లు ఏరుకున్నాం. మా ఊరి పేరు ఐర్లండ్ నైరుతి మూల కుర్రాళ్లు చేరే రెజిమెంట్‌కి గౌరవచిహ్నం అవుతుందని కలగన్నామా? గర్వపడాలో ఏం పడాలో తెలియక ఆ రోజు టీ చల్లారిపోయింది.

1922లో దక్షిణ ఐర్లండ్ రెజిమెంట్లన్నిటినీ రద్దు చేశారు. డబ్లిన్, మన్స్టర్, లెయిన్స్టర్, కన్నాట్ రేంజర్స్, పాత రాయల్ ఐరిష్, అన్నీ. జూన్‌లో వాళ్ల జెండాలు విండ్సర్‌లో రాజుకి అప్పగించి వచ్చేశారు. కాబట్టి ఆ బ్యాడ్జీ ఇప్పుడు ఏ టోపీ మీదా బతికి లేదు. నీ కాబీన్ మీద అది పెడితే రెండు తప్పులు ఒకేసారి జరుగుతాయి. ఆ రెజిమెంట్ కాబీన్ పెట్టుకోలేదు, ఫ్యుజిలియర్ల టోపీ వేరు. పైగా మీ బ్యాండ్‌కి అనుమతి ఉన్నది ఒక్క బ్యాడ్జీకే. ఈ దేశంలో 1894 నాటి యూనిఫామ్స్ చట్టం ఉంది, అనుమతి లేకుండా సైనిక దుస్తులు వేసుకోవడం నేరం. డ్రమ్మర్ పిల్లని పట్టుకుని ఎవరూ జైల్లో పెట్టరు గానీ, పెరేడ్‌లో పక్కన నిలబడే ముసలివాళ్లు చూస్తారు. వాళ్లలో ఎవడి తాతో ఆ బ్యాడ్జీతో పోయి ఉంటాడు. నచ్చితే కొనుక్కో, వెనక ఫొటో తెప్పించుకుని చూశాకే కొనుక్కో. డబ్బాలో పెట్టి నాకు చూపించు. తల మీద వద్దు.

హార్ప్ కూడా అంత అమాయకమైన గుర్తేమీ కాదు తల్లీ. ఐర్లండ్‌లో కిరీటం ఉన్న హార్ప్ వేరు, కిరీటం లేని హార్ప్ వేరు. గిన్నిస్ బీరు సీసా మీదిది ఒకవైపు తిరిగి ఉంటే ఐర్లండ్ ప్రభుత్వ ముద్ర రెండో వైపు తిరిగి ఉంటుంది, అది వేరే తమాషా. ఐర్లండ్ రిపబ్లిక్ సైన్యం బ్యాడ్జీ చూస్తే సూర్యకిరణాలు విచ్చుకున్నట్టుంటుంది, మధ్యలో రెండు ఎఫ్ అక్షరాలు, చుట్టూ ఐరిష్‌లో పేరు. దాన్ని ఓయిన్ మెక్‌నీల్ అనే పండితుడు 1914లో ఐరిష్ వాలంటీర్ల కోసం రూపొందించాడు. ఇదీ అదీ ఒకే టోపీ మీద కలపాలని ఎప్పుడూ అనుకోకు.

కన్నాట్ రేంజర్స్ కథ నీకు చెప్పానా? 1920 జూన్ 28న జలంధర్‌లో, ఐర్లండ్‌లో బ్రిటిష్ దళాలు చేస్తున్న దౌర్జన్యం గురించి విని, మేం డ్యూటీ చెయ్యం అని ఆయుధాలు పెట్టేశారు. అదే బ్రిటిష్ యూనిఫామ్ మీద, ఐర్లండ్ స్వాతంత్ర్యం కోరే సిన్ ఫేన్ పార్టీ రంగుల పూలరిబ్బన్లు గుచ్చుకున్నారు. ఆ తిరుగుబాటు సోలన్‌కి కూడా పాకింది. వాళ్లలో జేమ్స్ డాలీ అనే కుర్రాణ్ణి నవంబర్ 2న దగ్‌షాయ్‌లో కాల్చి చంపారు. ఎముకలు ఐర్లండ్ చేరింది 1970లో. గుండెల మీద చిన్న రిబ్బన్ ముక్క ఎంత బరువు మోయగలదో దాన్ని బట్టి చూడు.

నేను రిటైరయ్యాక డబ్లిన్ వెళ్లినప్పుడు ఐలాండ్‌బ్రిడ్జ్‌లోని యుద్ధస్మారక తోటకి వెళ్లాను. సంచిలో కాబీన్ ఉంది, తీయలేదు. బెంచీ మీద పక్కన కూర్చున్న పెద్దాయనతో మాటా మాటా కలిసింది. వాళ్ల తాత డబ్లిన్ ఫ్యుజిలియరట. ఆయన మెడల్స్ వాళ్ల నాయనమ్మ పిండి డబ్బాలో దాచిందట, ఇంటికి ఎవరొచ్చినా ఆ మాటెత్తేవారు కాదట. సంచిలో ఏముందో చెప్పాను. చూపించమన్నాడు. చేతిలోకి తీసుకుని హ్యాకిల్‌ని వేలితో ఒకసారి నిమిరి ఇచ్చేశాడు. అందుకే చెబుతున్నాను, పెరేడ్ అయ్యాక కాబీన్ పెట్టుకుని బస్సుల్లోనూ పబ్బుల్లోనూ తిరగకు. సంచిలో వేసుకో. బెల్‌ఫాస్ట్‌లోనైనా డబ్లిన్‌లోనైనా ఎదుటివాడి ఇంట్లో పిండి డబ్బాలో ఏముందో నీకు తెలియదు.

మార్చి 17కి షామ్రాక్ గురించి రెండు మాటలు, అది ఐర్లండ్ గుర్తైన మూడాకుల మొక్క. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో ఐరిష్ సైనికుల ధైర్యానికి మెచ్చి, 1900లో విక్టోరియా రాణి ఆ రోజు టోపీకి షామ్రాక్ పెట్టుకునే గౌరవం ఇచ్చింది. ఆ మరుసటి ఏడాది ఐరిష్ గార్డ్స్‌కి రాజకుటుంబం షామ్రాక్ ఇచ్చే ఆనవాయితీ మొదలైంది. చూడ్డానికి అచ్చం మన పులిచింతాకులా ఉంటుంది. కుండీల్లో షామ్రాక్ అని అమ్మేవాటిలో కొన్ని నిజంగానే పులిచింత జాతివి. గుత్తి చిన్నదిగా, వేలి పొడవు ఉంటే చాలు. కాడల చివర తడి దూది చుట్టి, దాని మీద ఫాయిల్ చుట్టి, బ్యాడ్జీ వెనక దోపు. హ్యాకిల్‌ని కప్పేయకూడదు. కరివేపాకు కట్టంత పెట్టుకుంటే బజారు నుంచి వస్తున్నట్టు ఉంటుంది.

సెల్యూట్ సంగతి అడిగావు. బ్రిటిష్ సైన్యంలో తల మీద టోపీ లేకుండా సెల్యూట్ చెయ్యరు. నువ్వు సైనికురాలివి కాదు కాబట్టి టోపీ ఉన్నా చెయ్యక్కర్లేదు, నిటారుగా నిలబడితే చాలు. చర్చిలోకి వెళ్తే మీ డ్రమ్ మేజర్ ఏం చేస్తే అది చెయ్యి. భోజనాల దగ్గర మాత్రం తీసి ఒళ్లో పెట్టుకో, టేబుల్ మీద సాంబారు పక్కన వద్దు.

ఈ ఉత్తరంతో పాటు మీ పెద్దమ్మ మాగాయ పంపుతోంది, దాని పక్కనే పొడవాటి అట్టగొట్టం ఉంటుంది. అందులో నా నీలం హ్యాకిల్ ఉంది, కాలర్ మీద కారింది కాదు, మంచిది. గొట్టాన్ని మూత వైపు నుంచే తెరువు, అడుగు వైపు వేపాకు ఉంది. సీసా కారితే ముందు గొట్టం పక్కకి తియ్యి.

మీ పెదనాన్న